ఒక మేకు బరువు ఇనుము



ఈ వారం సంక్షేమ హాస్టళ్ళ మెస్ చార్జీల గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారం. ఈలోపు తిండి గురించే ఇంకో సంగతి వచ్చిపడింది. దాన్ని దాటి పోలేకపోతున్నాను.

సెప్టెంబర్ నెలను ప్రభుత్వం పోషణ మాసంగా జరుపుతుంది కదా. మా కాలేజీలోనూ పిల్లల చేత చార్టులు వేయించారు. అందులో ఒక చార్టు. మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క సగానికి కోసిన కమలాపండు, చుట్టూ సూర్యుడికి వేసినట్టు కిరణాలు. కుడి పక్క ఎర్రటి మాంసం ముక్క, దాని మీద లావుగా ఇంటూ గుర్తు. కింద "ఆరోగ్యం - అనారోగ్యం" అని రెండు మాటలు.

వేసిన పిల్ల ఎవరో కాదు, మా పేట పిల్లే. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. "ఎక్కడ చూసి వేశావమ్మా?" అంటే "ఫోన్‌లో మేడమ్" అంది. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది: "మరి మనింట్లో తినేది ఏ పక్కకి వస్తాది మేడమ్?"

ఆ పిల్లకి ఆ పూట చెప్పగలిగినంత చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. కానీ ఆ గీత గీసింది పోషకాహార శాస్త్రం మాత్రమే కాదు. అందులో మాటల రాజకీయం ఉంది, కులం ఉంది. అవి నాకు తెలిసిన విషయాలే. ఇక అంకెలంటారా, అవి దాచిపెట్టినవి కావు. మన హైదరాబాద్‌లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. మన దేశంలో దొరికే తిండి పదార్థాల్లో ఏముందో పట్టికలు వేసి పెట్టింది. చదువుకున్న వాళ్ళం, తిరగేసి చూడటానికి మనకేం అడ్డు?

ముందు లెక్క చూద్దాం.

కొవ్వు తక్కువగా ఉన్న ఎర్ర మాంసం వంద గ్రాములు తీసుకోండి. ఎర్ర మాంసం అంటే మేక, పొట్టేలు, గేదె, ఎద్దు, పంది, అన్నీ. చాలామంది అది గొడ్డు మాంసానికి ఒక్కదానికే పేరనుకుంటారు. పండక్కి తెచ్చుకునే మేకమాంసం కూడా ఎర్ర మాంసమే. అందులో సుమారు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. జంతువును బట్టి, ముక్కను బట్టి రెండు మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఇనుము ఉంటుంది. జింక్ ఉంటుంది. రోజుకు కావలసిన బి12 విటమిన్‌లో పెద్ద వాటా ఉంటుంది. సి విటమిన్ మాత్రం దాదాపు సున్నా. పీచు అసలే లేదు.

వంద గ్రాముల కమలాపండులో 86, 87 గ్రాములు నీళ్ళే. ప్రొటీన్ ఒక గ్రాము కూడా ఉండదు. ఇనుము మిల్లీగ్రాములో పదో వంతు. బి12 సున్నా. కానీ సి విటమిన్ 50 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఆడవాళ్ళకి రోజుకు కావలసింది 65 అని మన పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. అంటే ఒక మోస్తరు పండుతో ఆ రోజు అవసరం చాలావరకు తీరిపోతుంది. రెండు గ్రాములకు పైగా పీచు, కొంత ఫోలేట్ కూడా ఉంటాయి.

ఇప్పుడు చెప్పండి, ఏది గొప్ప? ఒకదానిలో ఉన్నది రెండోదానిలో లేదు. రెండోదానిలో ఉన్నది మొదటిదానిలో లేదు. ఇది పోటీ పెట్టాల్సిన జత కాదు. ఒక కంచంలో ఉండాల్సిన జత.

ఇది నా సొంత కవిత్వం కాదు. రెండు పాత ప్రయోగాలు ఈ మాటే చెప్పాయి.

మొదటిది ఓడ మీద జరిగింది. విశాఖ రేవులో ఓడలు చూసిన వాళ్ళకి తెలుసు, సముద్రం మీద నెలల తరబడి ఏం తింటారో ముందే మూట కట్టుకుని పోవాలి. 1747లో బ్రిటిష్ నావికాదళం ఓడ 'సాలిస్‌బరీ' మీద నావికులకు స్కర్వీ పట్టుకుంది. చిగుళ్ళు వాచి నెత్తురు కారేది, కాళ్ళు నల్లబడేవి, మనుషులు పడిపోయేవారు. ఆ రోజుల్లో నావికుల తిండి ఉప్పేసిన గొడ్డు మాంసం, గట్టి బిస్కెట్లు. చూశారా, మాంసానికి లోటు లేదు. అయినా రోగం వచ్చింది. జేమ్స్ లిండ్ అనే వైద్యుడు 12 మంది రోగుల్ని రెండేసి మందిగా విడగొట్టి ఒక్కో జతకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మకాయ తిన్న ఇద్దరూ ఆరు రోజుల్లో లేచి తిరిగారు. సి విటమిన్ అనే పేరు పుట్టకముందు మాట ఇది. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్ళకు, 1795లో గానీ బ్రిటిష్ నావికాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వలేదు. తెలిసిన నిజం కింది మనిషి నోటిదాకా రావడానికి ఎంతకాలం పడుతుందో చూడండి.

రెండోది అమెరికాలో. పెర్నీషియస్ ఎనీమియా అనే రక్తహీనత వస్తే ఆ రోజుల్లో చావే. 1926లో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు వైద్యులు రోగులకు రోజూ కార్జం తినిపించి బతికించారు. అవును, మన కార్జమే. విపిల్‌తో కలిపి ఆ ఇద్దరికీ 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కార్జంలో ఉన్నది బి12 అని 1948లో తేలింది. ఆ రోగుల్ని కమలాపళ్ళ తోట మధ్య కూచోబెట్టినా బతికేవాళ్ళు కాదు.

ఇందులో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఒంట్లో రక్తం పట్టనివ్వని జబ్బు అది. అమెరికా వెళ్ళి లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందమే 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. దాని జాడ మొదట తీసింది లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు. 1928లో బొంబాయి వచ్చి, గర్భిణులైన బట్టల మిల్లు కార్మికురాళ్ళు నెత్తురు లేక ఎందుకు చచ్చిపోతున్నారని వెతికింది. ఈ రోజు మన అచ్యుతాపురం వైపు తెల్లారకముందే బస్సుల్లో పోయే ఆడపిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ మిల్లు ఆడవాళ్ళే గుర్తొస్తారు. వందేళ్ళు గడిచినా అదే పని, అదే నెత్తురు లెక్క.

సరే, శాస్త్రం రెండూ కావాలంటోంది. మరి ఆ చార్టులో కిరణాలు ఒకదానికే ఎందుకొచ్చాయి? ఇంటూ రెండోదానికే ఎందుకు పడింది?

ఇక్కడ నా సబ్జెక్టు మొదలవుతుంది.

కోస్తాలో మాంసాన్నీ చేపనీ ఏమంటారు? "నీచు." "ఇవాళ శనివారం, నీచు ముట్టను" అంటారు. పలికేటప్పుడు మనకి తట్టదు గానీ, నీచం, నీచుడు, నీచజాతి అనే మాటలు దాని పక్కనే కూచుని ఉన్నాయి. తిండి పేరులోనే తినేవాడికి తిట్టు ఉంది. ఇక పండు సంగతి చూడండి. పండు నైవేద్యం, పండు తాంబూలం, పండు పథ్యం. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళని చూడటానికి అరడజను బత్తాయిలు సంచీలో వేసుకుని వెళితే మర్యాద. కార్జం వేయించి డబ్బాలో పట్టుకెళ్ళి చూడండి!

తమాషా ఏమిటంటే, "మన సంస్కృతి" అని నెత్తిన పెట్టుకునే ఈ పండు పేరే పరాయిది. రాయలసీమలో బత్తాయిని చీనీ అంటారు. అంటే చీనా దేశానిది. శాస్త్రీయ నామంలో ఉన్న 'సైనెన్సిస్' మాటకి కూడా అర్థం అదే. మోసంబి అనే పేరు ఆఫ్రికాలోని మొజాంబిక్ నుంచి వచ్చింది. పరాయి దేశపు పేరు పెట్టుకున్న పండు గుళ్ళోకి పోయింది. ఊరి గొడ్డుని తోలి, మేపి, దున్నించి, చచ్చాక మోసి, తోలు తీసిన మనుషులు మాత్రం ఊరి బయటే ఉండిపోయారు.

గొడ్డు మాంసానికీ అంటరానితనానికీ ఉన్న లంకెను అంబేద్కర్ 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో తవ్వి తీశారు. అదే అంబేద్కర్ 1927లో మహద్ సభలో మనవాళ్ళని చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమన్నారు, ఎంగిలి మెతుకుల కోసం చెయ్యి చాపొద్దన్నారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. ఏం తింటున్నామన్నది ఒక ప్రశ్న. ఎవరో పారేసినది తింటున్నామా, మన డబ్బుతో మనం కొనుక్కుని తలెత్తుకుని తింటున్నామా అన్నది ఇంకో ప్రశ్న. ఆయన రెండో ప్రశ్న అడిగారు.

మా ఇంట్లో పెద్దకూర ఆదివారం వచ్చేది. తెల్లారకముందే మా మావయ్య సైకిలు మీద పోయి, టేకాకుల్లో పొట్లం కట్టించి, పైన గుడ్డసంచీ వేసి తెచ్చేవాడు. దొంగసొత్తు తెచ్చినట్టు తెచ్చేవాడు. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ఆవునీ దూడనీ కొయ్యడాన్ని నిషేధిస్తుంది. పని చెయ్యలేని గేదెలూ ఎద్దులూ మాత్రం ధ్రువపత్రం ఉంటే కొయ్యొచ్చు. అంటే చట్టం ప్రకారమే తినదగిన మాంసం ఒకటుంది. చట్టం ఒప్పుకున్నా వీధి ఒప్పుకోదు. అందుకే ఆ గుడ్డసంచీ.

ఎందుకు తెచ్చేవాళ్ళు? రుచి ఒక కారణం, అది దాచుకోవాల్సిన పని లేదు. ఇంకో కారణం ధర. ఒక కిలో మేకమాంసం డబ్బుకి రెండు కిలోల పైనే పెద్దకూర వచ్చేది. చెరకు నరికి బెల్లం బట్టీల దగ్గర పని చేసే ఒళ్ళు మావి. ఆ ఒళ్ళు నిలబడటానికి అంత తక్కువలో దొరికే ప్రొటీనూ ఇనుమూ ఇంకోటి లేవు. మిగిలితే పసుపూ ఉప్పూ రాసి దండేనికి ఎండేసేవారు. అవి వానాకాలానికి, పనుల్లేని రోజులకి. గోంగూరలోనో చింతచిగురులోనో వేసి వండేవారు.

నేను పెద్దమనిషినైనప్పుడు జరిగిందొకటి చెబుతాను. చిమ్మిలి చేసి వీధంతా పంచారు. అది అందరికీ తెలిసిన పెట్టుబడి. కానీ ఆ రాత్రి మా అమ్మమ్మ తలుపు దగ్గరగా వేసి, నిప్పుల మీద కార్జం కాల్చి, ఉప్పు అద్ది, నిమ్మచెక్క పిండి నా నోట్లో పెట్టింది. "నెత్తురు పోద్ది గుంటా, నెత్తురు పట్టాల. తిను" అంది. ఆవిడకి అక్షరం రాదు. మైనాట్ ఎవరో లిండ్ ఎవరో తెలీదు. ఆ ఇద్దరూ రెండు ఖండాల్లో, రెండు శతాబ్దాల్లో కనిపెట్టింది ఆవిడ అరచేతిలో కలిసి ఉంది.

ఇక్కడితో ఆపేస్తే మీరందరూ లైకులు కొట్టి, "మన తాతమ్మల జ్ఞానం" అని షేర్ చేస్తారు. కానీ నేను ఇక్కడితో ఆపదలచుకోలేదు. ఎందుకంటే ఆ రాత్రి మళ్ళీ రాలేదు.

రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. 2014 నాటి ఎస్ఆర్ఎస్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో 98 శాతం మంది మాంసాహారులు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇదే రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. దేశం మొత్తం మీద 57 శాతం. ఇంత మంది మాంసం తినే చోట ఇంత మందికి నెత్తురు ఎలా లేదు?

జవాబు మన వంటింట్లో ఉంది. "తింటాం" అనే మాటలో ఎన్ని రోజులకోసారో లేదు, ఎన్ని ముక్కలో లేదు, ఎవరికి ఎన్నో లేదు. మా ఇంట్లో ఆదివారం కంచాలు ఎలా పడేవో చెబుతాను. ముందు తాతకి, నాన్నకి, మావయ్యకి. ముక్కలన్నీ అక్కడే. తర్వాత మగపిల్లలకి. తర్వాత నాకూ అక్కకీ, రెండేసి ముక్కలు, మూలగ బొమిక ఉంటే అదృష్టం. చివరికి అమ్మా అమ్మమ్మా. కూర గిన్నెలోనే అన్నం వేసి, అంచులు తుడుచుకుని, ఆ పులుసు వాసనతో తినేవారు. "మాకు ముక్క సయించదు" అనేవారు. నెలనెలా నెత్తురు పోయేదీ వాళ్ళకే, కడుపులో పిల్లల్ని మోసేదీ వాళ్ళే, ముక్క సయించనిదీ వాళ్ళకే!

2012లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినప్పుడు గొడవలు జరిగాయి. మన తిండి మన హక్కు అని వాళ్ళు నిలబడ్డారు. ఆ పోరాటం నాది కూడా. కానీ వీధిలో ఆ హక్కు గెలిచాక ఇంటికొచ్చి గిన్నె మూత తీస్తే, ముక్క ఎవరి కంచంలో పడుతోంది? ఈ ప్రశ్న అడక్కపోతే మనం సగం పోరాటమే చేస్తున్నట్టు.

మా కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టినప్పుడల్లా ఆడపిల్లలు ముందుకొస్తారు. వేలు గుచ్చి చూస్తారు. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. పది, తొమ్మిదిన్నర, ఎనిమిది. ఒకరి తర్వాత ఒకరు వెనక్కి వస్తారు. నవ్వుకుంటూ వస్తారు, సిగ్గు దాచుకోవడానికి. వాళ్ళు రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కాదు, ఎక్కించుకోవాల్సినవాళ్ళు.

పెద్ద మనిషి ఒంట్లో ఉండే ఇనుమంతా పోగేస్తే మూడు నాలుగు గ్రాములు. ఆడవాళ్ళలో ఇంకాస్త తక్కువ. ఒక మేకు బరువు! మనది ఏ నేల? "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చిన నేల. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజం కొత్తవలస మీదుగా రైళ్ళలో దిగి, విశాఖ రేవు నుంచి జపాన్ దాకా పోయింది. ఊరి పక్క నుంచి లక్షల టన్నుల ఇనుము పోతుంటే, ఈ ఊళ్ళ ఆడవాళ్ళ ఒంట్లో ఒక మేకు బరువు నిండటం లేదు.

మా అమ్మకి హిమోగ్లోబిన్ ఏడుకి పడిపోయిందని తెలిసిన రోజు నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఏ ఆసుపత్రో అనవసరం, అన్నీ అలాగే ఉంటాయి. డాక్టరు మాత్రలు రాసి, "పళ్ళు బాగా తినాలమ్మా, ఆరెంజ్ జ్యూస్ తాగాలి" అన్నాడు. అమ్మ అడిగింది, "మాంసం తినొచ్చా బాబూ?" "ఏ మాంసం?" "పెద్దకూరండి." రాస్తున్న పెన్ను ఒక్క క్షణం ఆగింది. "అవన్నీ ఎందుకమ్మా. పళ్ళు తినండి" అన్నాడు.

దారిలో అరడజను బత్తాయిలు కొన్నాం. ఆ ఆరింట్లో ఒక్కటి కూడా అమ్మ తినలేదు. అక్క పిల్లలకి ఒలిచి పెట్టేసింది. మాత్రలు మాత్రం రోజూ వేసుకుంది, పొద్దున్నే టీతో. టీలో ఉండే టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవని, ఆ మాత్రనే నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుందని ఎవరూ చెప్పలేదు. డాక్టరు చెప్పిన పండు తప్పు కాదు. పండులో ఉన్నది ఇనుము కాదు, ఇనుముకి తలుపు తీసే తాళంచెవి. మరి ఇనుము ఏదీ? అది అమ్మ అడిగిన ప్రశ్నలో ఉంది. ఆయన దాన్ని పక్కకి తోసేశాడు. తాళంచెవి చేతిలో పెట్టి, పెట్టెను తీసేసుకున్నట్టు.

కొంచెం విడమరిచి చెబుతాను, పిల్లలు గుర్తుపెట్టుకోండి. తిండిలో ఇనుము రెండు రకాలు. మాంసంలోని ఇనుములో గణనీయమైన భాగం హీమ్ ఇనుము. ఒంటికి తేలిగ్గా పడుతుంది. పప్పు, ఆకుకూర, చోళ్ళు, గంట్లలో ఉండేది రెండో రకం. అందులో చాలా భాగం పట్టకుండానే బయటికి పోతుంది. సి విటమిన్ పక్కన ఉంటే ఈ రెండో రకం ఇంకా బాగా పడుతుంది. మాంసం పక్కన ఉన్నా బాగా పడుతుంది. ఆడవాళ్ళకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన పోషకాహార సంస్థ లెక్క. మన తిండిలో చాలావరకు పట్టదు కాబట్టే అంత పెద్ద అంకె. అది మాంసంతోనే నింపాలంటే రోజుకి కిలో పైన తినాలి. ఎవరూ తినలేరు, తినకూడదు కూడా. కాబట్టి మన ఇనుము ఎక్కువగా పప్పు, ఆకుకూర, చిరుధాన్యాల నుంచే రావాలి. దాన్ని ఒంట్లోకి లాగే పని ముక్కా నిమ్మచెక్కా కలిసి చేస్తాయి.

ఎర్రగా ఉంటే రక్తం పడుతుందనేది ఇంకో భ్రమ. దానిమ్మ, బీట్‌రూట్ మంచివే, కానీ వాటిలో ఇనుము తక్కువ. రంగు చూసి ఇనుమనుకుంటే ఎండుమిరపకాయలు నమిలినా సరిపోవాలి కదా! అనకాపల్లి పక్కనే ఉన్నవాళ్ళం, బెల్లం మీద మనకి మమకారం ఎక్కువ. బెల్లంలో కొంత ఇనుముంది నిజమే. కానీ దాని కోసమే తినాలంటే ఒంట్లోకి పోయేది చక్కెరే ఎక్కువ.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో, నిల్వ కోసం శుద్ధి చేసిన మాంసం క్యాన్సర్‌కి కారణమని, ఎర్ర మాంసం బహుశా కారణం కావచ్చని వర్గీకరించింది. ఎర్ర మాంసాన్ని వారానికి అరకిలో లోపు, వండిన తూకంలో, ఉంచుకోవడం మేలని నిపుణుల సలహా. ఇది దాచి మన తిండిని పొగుడుకోవడం మనకి అవసరం లేదు. కానీ ఆ హెచ్చరిక ఎవరికి? రోజూ పెద్ద ముక్క తినే దేశాలకి. ఆదివారం ఒక్కసారి, అదీ పులుసు మాత్రమే దక్కే మా అమ్మకి కాదు. ఎక్కువ తిని చెడే వాళ్ళ జాగ్రత్తను, తక్కువ తిని చెడే వాళ్ళ మీద రుద్దడమే ఆ చార్టులోని ఇంటూ గుర్తు.

ఇంకో విచిత్రం చూడండి. రేషన్‌లో, అంగన్‌వాడీలో, మధ్యాహ్న భోజనంలో బలవర్ధక బియ్యం ఇస్తూ వచ్చారు. ప్లాస్టిక్ బియ్యమని మనవాళ్ళు ఏరి పారేస్తుంటారు, పారెయ్యకండి. అవి బియ్యప్పిండితో చేసిన గింజలే. వాటిలో కలిపేవి మూడు: ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12. కార్జంలో పుష్కలంగా ఉండేవీ ఆ మూడే. ముక్క పేరెత్తడానికి నోరు రాని చార్టుల రాజ్యం, ఆ ముక్కలో ఉన్నదాన్నే ఫ్యాక్టరీలో తయారుచేయించి బియ్యంలో కలుపుతూ వచ్చింది. శాస్త్రానికి కులం లేదు గానీ, శాస్త్రాన్ని గోడకి అంటించే చేతికి ఉంది.

పండు విషయంలో కూడా మనకి న్యాయం జరగలేదు. నల్గొండ బత్తాయి, అనంతపురం చీనీ, గూడూరు నిమ్మ దేశమంతా పోతాయి. ఆ తోటలకి బోరు కావాలి, కాపు వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఆగే స్తోమత కావాలి, అన్నిటికంటే ముందు భూమి కావాలి. తోటల్లో కాయ కోసే చేతుల్లో మనవి చాలా ఉన్నాయి. తోట యజమానుల్లో మనవాళ్ళెంతమంది? మాంసాన్ని మననుంచి సిగ్గు దూరం చేస్తే, పండుని భూమి లేకపోవడం దూరం చేసింది. రెండింటినీ ఆడవాళ్ళ నుంచి ఇంటి మగతనం దూరం చేసింది. నా చెల్లెళ్ళ నెత్తురు ఈ మూడు చోట్లా కారిపోతోంది.

కాబట్టి ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. మనింట్లో తినేది ఏ పక్కకీ రాదు. ఆ గీతే తప్పు.

ఇక చేతనైన పనులు. హాస్టల్లో ఉన్నవాళ్ళు, ఇంట్లో ఉన్నవాళ్ళు, అందరికీ.

పప్పన్నం మీద, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి. పొయ్యి మీద ఉండగా కాదు, దింపాక. వేడికి సి విటమిన్ పోతుంది. కమలాలు కొనలేకపోతే కొనకండి. మన పెరటి జామకాయలో కమలాపండు కంటే మూడు నాలుగు రెట్లు సి విటమిన్ ఉంది. ఉసిరికాయలో ఇంకా ఎక్కువ.

ఇనుము మాత్ర టీతో వేసుకోకండి. అన్నానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. బడిలో, కాలేజీలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రని కిటికీలోంచి విసిరెయ్యకండి. వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోండి.

పరీక్ష చేయించుకోండి. రక్తహీనతంతా ఇనుము లోటే కాదు. కడుపులో కొంకిపురుగులు, మలేరియా, మన పాడేరు, అరకు వైపు ఆదివాసీ పిల్లల్లో కనిపించే సికిల్ సెల్, వీటికి మందు వేరు. కార్జం మంచిదే గానీ గర్భిణులు ఎక్కువ తినకూడదు. అందులో ఏ విటమిన్ మోతాదు చాలా ఎక్కువ.

మాంసం తినని మిత్రులకి నా పేచీ ఏమీ లేదు. గుడ్డు, పాలు, పప్పు తినండి. అవి కూడా తినకపోతే బి12 సంగతి డాక్టర్ని అడగండి. మీ కంచంలో నేను తొంగిచూడను. నా కంచం మీద మీరు ఇంటూ పెట్టకండి, అంతే.

చివరిది మగపిల్లలకి. తమ్ముళ్ళూ, సభల్లో పెద్దకూర మన సంస్కృతి అని గట్టిగా మాట్లాడతారు, సంతోషం. ఈ ఆదివారం గరిటె మీరు పట్టుకోండి. మొదటి కంచం అమ్మకి పెట్టండి. "నాకు సయించదు" అంటుంది. నమ్మకండి. ముక్కలు వెయ్యండి, పక్కన నిమ్మచెక్క పెట్టండి, ఆమె తినేదాకా అక్కడే కూచోండి.

వచ్చే వారం మెస్ చార్జీలు. హాస్టళ్ళలో ఉన్న పిల్లలు మీ మెనూ ఫొటోలు పంపండి, పేర్లు బయటపెట్టను.

జై భీమ్.